ఇంకొంచెం పక్కకు జరుపు

మా తాత వేలిని టచ్ స్క్రీన్ గుర్తుపట్టదు. పార, గడ్డపార, సిమెంటు తట్ట పట్టీ పట్టీ వేళ్ల చివర చర్మం అట్ట కట్టింది. మనం ఒక్కసారి తాకితే తెరుచుకునే ఫొటోని ఆయన నాలుగుసార్లు పొడవాలి. అందుకే ఊరికి వెళ్లినప్పుడల్లా ఫోన్ నా చేతిలో, ఆర్డర్లు ఆయన నోట్లో. "పెద్దగ చెయ్. కిందికి గుంజు. ఇంకింత పక్కకు జరుపు."

ఈ వారం కాలమ్ పానోరమాల గురించి. నిజానికి ఆ చివరి ఆర్డర్ గురించి.

మాది పాలమూరు. మా దగ్గర ఒక వయసు దాటిన మగవాళ్లలో బొంబాయి చూడనివాళ్లు తక్కువ. చూడ్డానికి వెళ్లినవాళ్లు ఇంకా తక్కువ. మా తాత 1970ల మొదట్లో, ఇరవై ఏళ్ల వయసులో, గుంపు మేస్త్రీ వెంట వెళ్లాడు. సముద్రం ఒడ్డున ఒక పెద్ద బిల్డింగ్ కడుతుంటే తట్ట మోశాడు. బిల్డింగ్ పేరు గుర్తులేదు. అసలు అప్పుడు కూడా తెలియదట. "కట్టేటోనికి పేరెందుకు చెప్తరు బిడ్డా" అంటాడు. ఆయనకి గుర్తున్నది ఒక్కటే. పై మాలా ఎక్కి చూస్తే కింద రోడ్డు కొడవలి లెక్క వంగి ఉండేదట. ఒక దిక్కు బిల్డింగులు, ఒక దిక్కు సముద్రం. రాత్రి లైట్లు వేస్తే కొడవలి అంచు మెరిసినట్టు ఉండేదట.

బొంబాయి ఫొటో ఒక్కటి చూసినవాళ్లెవరైనా చెప్పేస్తారు, అది మెరైన్ డ్రైవ్. మూడున్నర కిలోమీటర్ల వంపు. రాత్రి దీపాల వరస చూసి లోకమంతా దాన్ని క్వీన్స్ నెక్లెస్ అంటుంది. మా తాతకు హారం గుర్తురాలేదు, కొడవలి గుర్తొచ్చింది. అంటే ఆయన పనిచేసింది ఆ వంపు దక్షిణం కొసన, నారిమన్ పాయింట్ దగ్గర. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద టవర్లు లేచింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

పోయిన అక్టోబర్‌లో ఆఫీసు పనిమీద ముంబై వెళ్లాల్సి వచ్చింది. ఒక రోజు ఎక్కువ ఉండేలా టికెట్ చేసుకున్నా. తాతకి ఆ వంపు మొత్తం ఒకే ఫొటోలో తెచ్చి చూపిస్తే, జూమ్ చేసుకుంటూ ఆయన బిల్డింగ్ ఆయనే వెతుక్కుంటాడు కదా అని ప్లాన్.

ఫోన్ పానో ఎందుకు చాలదు?

"ఫోన్‌లో పానో మోడ్ ఉంది కదా, దానికి ఇంత హడావుడి ఎందుకు?" అని మీరు అడగొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నా. చిన్న లెక్క చేశాక ఆ ఆలోచన మానుకున్నా.

మెరైన్ డ్రైవ్ మొత్తం ఒక్క చూపులో కనిపించే చోటు మలబార్ హిల్. అక్కడి కమలా నెహ్రూ పార్క్ నుంచి నారిమన్ పాయింట్ దాదాపు మూడున్నర కిలోమీటర్లు. మన ఫోన్ల మెయిన్ కెమెరా వైడ్ లెన్స్. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే అడ్డంగా 4,000 పిక్సెల్స్. ఆ దూరంలో ఒక్కో పిక్సెల్‌కి 1.3 మీటర్ల వెడల్పు పడుతుంది. అంటే అక్కడ నిలబడ్డ మనిషి ఒక చుక్క. కిటికీ ఒక చుక్క కంటే తక్కువ. వంద మీటర్ల టవర్ అయితే 80 పిక్సెల్స్ ఎత్తు ఉంటుంది, అంతే. వాట్సాప్ డీపీ కంటే చిన్నది.

ఇప్పుడు అదే చోట నా సెకండ్ హ్యాండ్ 24 మెగాపిక్సెల్ కెమెరాకి 200 ఎంఎం లెన్స్ పెడితే? ఒక్కో పిక్సెల్‌కి 7 సెంటీమీటర్లు. మనిషి 24 చుక్కలు, మామూలు కిటికీ 17 చుక్కలు. ముఖం తెలియదు గానీ ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది. అంతస్తులు లెక్కపెట్టొచ్చు. నాకు కావలసింది అదే.

కాకపోతే ఆ లెన్స్‌తో ఒక ఫొటోలో పట్టేది చాలా కొంచెం. కెమెరాని నిలువుగా పెడితే నాలుగున్నర డిగ్రీలు. చౌపాటీ నుంచి నారిమన్ పాయింట్ కొస దాకా 80 డిగ్రీలు కావాలి. పక్కపక్క ఫొటోలు ఒకదాని మీద ఒకటి 30 శాతం ఎక్కాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్‌కి అతుకు దొరకదు. అంటే అడుగు అడుగుకీ సుమారు మూడు డిగ్రీలే. మొత్తం 26 నిలువు వరసలు, ఒక్కో వరసలో పైనొకటి కిందొకటి. మొత్తం 52 ఫొటోలు. అన్నీ అతికితే 73 వేల పిక్సెల్స్ వెడల్పు, 10 వేల ఎత్తు. 73 కోట్ల పిక్సెల్స్!

హై రిజల్యూషన్ పానోరమా అంటే ఇదే. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. పొడవైన లెన్స్, ఓపిక, లెక్క ఉంటే చాలు.

పొద్దున తాజ్, సాయంత్రం కొడవలి

ముంబైలో ఒక సౌకర్యం ఉంది. గేట్‌వే వైపు ఒడ్డు తూర్పుకి తిరిగి ఉంటుంది, మెరైన్ డ్రైవ్ పడమరకి. అంటే పొద్దున ఎండ తాజ్ హోటల్ ముఖం మీద, సాయంత్రం ఎండ మెరైన్ డ్రైవ్ బిల్డింగుల ముఖం మీద. ఒక్క రోజులో రెండూ కుదురుతాయి. అందుకని ప్రాక్టీస్‌కి పొద్దున్నే తాజ్ దగ్గరికి వెళ్లా.

తాజ్ మహల్ ప్యాలెస్ తెరిచింది 1903 డిసెంబర్ 16న. ఎదురుగా ఉన్న గేట్‌వే ఆఫ్ ఇండియా పూర్తయింది 1924లో. అంటే మనం గేట్‌వే ఎదుట హోటల్ ఉందనుకుంటాం గానీ, హోటల్ ఎదుట గేట్‌వే వచ్చిందన్నమాట. ఈ హోటల్‌ని ఆర్కిటెక్ట్ పొరపాటున వెనక్కి తిప్పి కట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది ఉత్త కథే. మొదట్లో వాకిలి ఊరివైపే ఉండేది, గుర్రపు బగ్గీలు వచ్చి ఆగేది అటే. సముద్రం గదులకోసం. పక్కనున్న ఎత్తైన టవర్ మాత్రం 1970ల మొదట్లో చేర్చింది.

ట్రైపాడ్ తెరవగానే సెక్యూరిటీ ఆయన వచ్చి "నై చలేగా" అన్నాడు. ఆ చోట జరిగింది గుర్తుంటే ఆయన్ని తప్పుపట్టలేం. మడిచేసి చేత్తోనే తీశా. అక్కడే మూడు పాఠాలు నేర్చుకున్నా.

మొదటిది, తిరగాల్సింది మనం కాదు, లెన్స్. ఒక పని చేయండి. ఒక కన్ను మూసి, బొటనవేలు ముక్కుముందు పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పండి. వేలు వెనకాల ఉన్న గోడ జరిగినట్టు ఉంటుంది కదా! దీన్నే పారలాక్స్ అంటారు. మనం కెమెరా ముందుకు చాపుకుని ఒళ్లంతా తిప్పితే లెన్స్ పెద్ద వృత్తంలో ప్రయాణిస్తుంది. దగ్గరున్న దీపస్తంభం ఒక ఫొటోలో ఒక కిటికీ ముందు, పక్క ఫొటోలో ఇంకో కిటికీ ముందు ఉంటుంది. అతికినప్పుడు స్తంభం విరుగుతుంది. కెమెరా ఉన్నచోటే ఉండాలి, మనం దాని చుట్టూ అడుగులు వేయాలి. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాటికి ఈ తేడా పట్టదు. ఎదురుగా హోటల్, మధ్యలో రెయిలింగ్ ఉంటే మాత్రం కొంప ముంచుతుంది.

రెండోది, కదిలేవి మోసం చేస్తాయి. నా ఎనిమిది ఫొటోల తాజ్‌లో ఒకే బెలూన్లమ్మే అబ్బాయి మూడుచోట్ల ఉన్నాడు. నేను కుడికి తిరుగుతుంటే తనూ కుడికి నడిచాడు. ఒక పావురానికి తల ఉంది, ఒళ్లు లేదు.

మూడోది, తిన్నని గీతలు. పానోరమాని సిలిండర్ మీద చుట్టినట్టు పరిస్తే హోటల్ చూరు అరటిపండులా వంగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రొజెక్షన్ 'రెక్టిలీనియర్'కి మారిస్తే నిటారుగా వస్తుంది. కానీ వంద డిగ్రీలు దాటితే అంచులు సాగదీసిన రబ్బరులా అవుతాయి. భవనానికి రెక్టిలీనియర్, ఊరికి సిలిండ్రికల్ అని గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం మలబార్ హిల్ ఎక్కా. వానలు వెళ్లిపోయిన కొత్త, గాలి శుభ్రంగా ఉంది. చిన్న ట్రైపాడ్ ఎవరికీ అడ్డం లేకుండా పెట్టుకున్నా. దాని తలమీద డిగ్రీల గీతలున్నాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో లాక్ చేశా. ఆటోలో వదిలితే ప్రతి ఫొటోకి కెమెరా కొత్తగా ఆలోచిస్తుంది. సముద్రం ఎక్కువున్న ఫొటో ఒక రంగు, బిల్డింగులున్న ఫొటో ఇంకో రంగు. అతికితే అతుకుల బొంతే.

అలవాటుగా ముందు ఫోన్ తీసి ఒక పానో కొట్టా, స్టేటస్ కోసం. తర్వాత ఎడమ నుంచి మొదలుపెట్టా. చౌపాటీ, విల్సన్ కాలేజీ వైపు, ఆర్ట్ డెకో బిల్డింగుల వరస. 1930లు, 40ల నాటి ఆ గుండ్రటి బాల్కనీల ఇళ్లు చాలామటుకు ఇంకా ఉన్నాయి. దక్షిణ ముంబైలోని గోథిక్, ఆర్ట్ డెకో కట్టడాల సముదాయాన్ని యునెస్కో 2018లో వారసత్వ జాబితాలో చేర్చింది. మూడు డిగ్రీలు తిప్పడం, రెండు సెకన్లు ఆగడం, క్లిక్. కిందికి దించడం, క్లిక్. మళ్లీ మూడు డిగ్రీలు. మధ్యలో ఒక పిల్లాడు "అంకుల్, ఏం కనిపిస్తోంది?" అని హిందీలో అడిగాడు. చూపించా. వాళ్ల చెల్లెలికి కూడా చూపించాల్సి వచ్చింది. నా వయసు ఇరవై ఎనిమిది, అంకుల్ అన్నందుకు ఇంకో రెండు నిమిషాలు బాధపడ్డా.

ఇరవై రెండో వరసకి వచ్చేసరికి సూర్యుడు దిగిపోయాడు. చివరి నాలుగు వరసలు, అంటే నారిమన్ పాయింట్ కొస, నీలం నీడలో తీశా.

అతుకు వెనక అల్గారిథమ్

హైదరాబాద్ వచ్చి హ్యూగిన్‌లో వేశా. ఉచిత సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్. మొదటిసారి చూస్తే విమానం కాక్‌పిట్‌లా ఉంటుంది, భయపడకండి.

ఇది ఎలా అతుకుతుందో బీటెక్‌లో కంప్యూటర్ విజన్ చదివినవాళ్లకి గుర్తుండాలి. నాకైతే పరీక్ష అయిన మర్నాడే మరుపొచ్చింది, మళ్లీ చదువుకున్నా. ప్రతి ఫొటోలో ప్రత్యేకంగా కనిపించే బిందువులు కొన్ని వెతుకుతుంది. కిటికీ మూల, టవర్ కొస, గోడ మీద మరక లాంటివి. ఫొటో పెద్దదైనా, చిన్నదైనా, తిరిగినా ఆ బిందువుల్ని గుర్తుపట్టే 'సిఫ్ట్' అనే పద్ధతిని డేవిడ్ లోవ్ 1999లో ప్రకటించాడు. పక్క ఫొటోలో అలాంటి బిందువే ఉందా అని చూసి జత కడుతుంది. కొన్ని జతలు తప్పు పడతాయి. ఒక బిల్డింగ్ కిటికీలన్నీ ఒకేలా ఉంటాయి కదా! తప్పు జతల్ని ఏరిపారేయడానికి 1981 నాటి 'రాన్సాక్' అనే చిట్కా ఉంది. కొన్ని జతల్ని లాటరీలా తీసి, దానితో ఫొటోని తిప్పి చూసి, ఎక్కువమంది ఒప్పుకున్న లెక్కనే ఖాయం చేస్తుంది. పంచాయతీ తీర్పు లాంటిది.

దీనికి చేతకానిది ఒకటి ఉంది, సముద్రం. అలలకి మూలల్లేవు, మరకల్లేవు. ఉన్నా పది సెకన్లకి అవి అక్కడ ఉండవు. నా కింది వరస సగం నీళ్లే. సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. ట్రైపాడ్ మీద రాసుకున్న డిగ్రీలు చూసి వాటిని ఒక్కొక్కటిగా నేనే కూర్చోబెట్టా. రెండు రాత్రులు పట్టింది.

మొత్తం తయారయ్యాక చూస్తే అదిరిపోయింది. కానీ కుడివైపు చివరి నాలుగు వరసలు కంట్లో నలుసులా ఉన్నాయి. మిగతాదంతా బంగారం, ఆ కొస మాత్రం నీలం. ఎంత కలిపినా ఎక్కడ కలిపామో తెలిసిపోతోంది. పైగా ఇంకో చిక్కు. జేపెగ్ ఫైల్ ఒక వైపు 65,535 పిక్సెల్స్ దాటకూడదు, ఆ ఫార్మాట్ రాసిన రోజే పెట్టిన హద్దు అది. నాది 73 వేలు. చివరి నాలుగు వరసలు తీసేస్తే 62 వేలు. హాయిగా సరిపోతుంది!

తీసేశా.

ఫొటో ఒక్క సాయంత్రం, ఒక్క ఎండలో తీసినట్టు వచ్చింది. పనికిరాని ఫొటోలనుకుని ఆ ఎనిమిదీ డిలీట్ చేశా. తర్వాతి వారం ఫ్రెండ్ పెళ్లికని మెమరీ కార్డు కూడా ఫార్మాట్ అయిపోయింది.

140 ఏళ్ల కిందటి అతుకు

ఇక్కడ ఒకాయన గురించి చెప్పాలి. ఎడ్‌వర్డ్ మైబ్రిడ్జ్. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయని ఫొటోలతో నిరూపించినాయన. గుర్రం ఫొటోలు తీసిన 1878లోనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో నాబ్ హిల్ మీద కడుతున్న మార్క్ హాప్కిన్స్ అనే కోటీశ్వరుడి బంగళా ఎక్కి, ఊరు చుట్టూ 360 డిగ్రీలు తీశాడు. 13 పెద్ద గాజు పలకలు. పక్కపక్కన పెడితే ఐదు మీటర్లు దాటుతుంది. ఓడరేవు, కొండలు, వీధులు, హోటళ్లు, అన్నీ ఉన్నాయి. అప్పట్లో గాజు పలకకి రసాయనం పూసి, తడి ఆరేలోగా ఫొటో తీసి, ఆరేలోగా కడగాలి. మనం రెండు సెకన్లు ఆగడానికే విసుక్కుంటాం.

ఆ 13లో ఒక పలక మీద నీడలు మిగతావాటితో కలవవు. అది వేరే సమయంలో తీసింది. ఆయనకి తెలియకుండా ఉంటుందా? అయినా తీసేయలేదు. తీసేస్తే ఊళ్లో ఒక ముక్క పోతుంది మరి.

1906 ఏప్రిల్ 18న భూకంపం, ఆ వెంటనే మంటలు. ఆ ఫొటోలో ఉన్న ఊరు చాలా భాగం బూడిదైంది. హాప్కిన్స్ బంగళా కూడా. ఇప్పుడు ఆ చోట 1926లో తెరిచిన మార్క్ హాప్కిన్స్ హోటల్ ఉంది. బే ఏరియాలో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది ఆ కొండ ఎక్కి ఫొటోలు దిగే ఉంటారు. కాలిపోక ముందు ఏ వీధిలో ఏ ఇల్లు ఉండేదో ఇవాళ వెతుక్కోవాలంటే ఆ పలకలే చూడాలి. నీడలు కలవని ఆ పలకతో సహా.

ఇదంతా నేను చదివింది నా నాలుగు వరసలు డిలీట్ చేశాకే.

కిటికీల సంగతి

తాతకి చూపించేముందు ఫొటో అంతా ఒకసారి జూమ్ చేస్తూ తిరిగా. దాదాపు రెండు గంటలు. దూరంగా ఉన్న టవర్లలో మనుషులు చుక్కలే. కానీ మలబార్ హిల్‌కి దగ్గరగా, ఫొటో ఎడమ అంచున ఉన్న ఇళ్లలో అలా కాదు. అక్కడ ఒక్కో పిక్సెల్ ఒక సెంటీమీటర్, రెండు సెంటీమీటర్లు. ఒక బాల్కనీలో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఉన్నారు. నిద్రో, తలనొప్పో, ఇంకేమో. కెమెరా ఉందని ఆయనకి తెలియదు. తీసేటప్పుడు ఆయన ఉన్నారని నాకూ తెలియదు.

మామూలు ఫొటోలో ఇలాంటిది పడదు, పడినా కనిపించదు. హై రిజల్యూషన్‌లో మనం చూడకుండానే తీసేస్తాం. నేను ఆ బాల్కనీని, ఇంకో నాలుగు కిటికీల్ని బ్లర్ చేశా. పానోరమా అందంలో వెంట్రుకవాసి తగ్గలేదు. మీరు కూడా ఎవరికైనా పంపేముందు దగ్గరున్న కిటికీలు, బాల్కనీలు, బండి నంబర్లు ఒకసారి చూసుకోండి. హోటల్ తీస్తే మరీనూ. అక్కడ ఉన్నవాళ్లు అక్కడ ఉన్నట్టు అందరికీ తెలియాలని ఉండకపోవచ్చు.

ఫోన్ మాత్రమే ఉందా?

చాలు. ఇవి పాటించండి.

ఫోన్ నిలువుగా పట్టుకోండి. పానోలో ఎత్తు ఎక్కువ వస్తుంది.

మోచేతులు ఒంటికి ఆనించి, ఫోన్‌ని ఒకే చోట ఉంచి దాని చుట్టూ మీరు తిరగండి.

స్క్రీన్ మీద ఎండ బాగా పడిన చోట వేలితో నొక్కి పట్టుకోండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ అవుతాయి.

ఇంకొంచెం మంచిది కావాలంటే పానో మోడ్ వద్దు. ఫోన్‌లో 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ ఉంటే దానితో విడివిడిగా, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా తీసి, కంప్యూటర్‌లో అతకండి. డిజిటల్ జూమ్ వాడొద్దు, దాంతో కొత్త వివరం రాదు.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

రెండు కొసల్లోనూ మీకు కావలసినదానికంటే ఇంకొంచెం ఎక్కువ తీయండి. బాగాలేని ఫొటోలు కూడా దాచుకోండి. ఇది నేను డబ్బులిచ్చి నేర్చుకోలేదు. ఇంకోలా నేర్చుకున్నా.

గంతేనా?

దసరాకి ఊరెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి ఫొటో తెరిచా. తాతకి మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. ముందు ఏం మాట్లాడలేదు. కాసేపటికి వేలుతో గాల్లోనే వంపు గీశాడు.

"కొడవలి" అన్నాడు.

తర్వాత ఆర్డర్లు మొదలు. పెద్దగ చెయ్. కిందికి గుంజు. ఒడ్డున అలలు ఆపే నాలుక్కాళ్ల సిమెంటు రాళ్ల దగ్గర ఆపమన్నాడు. "ఈడ కూసొని సద్ది తినేటోళ్లం. రొట్టె, ఉల్లిగడ్డ. ఒకపాలి అల వచ్చి రొట్టెలు గుంజుకపోయింది." నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. యాభై ఏళ్లలో ఈ రొట్టెల కథ ఆమె కూడా వినలేదట.

నేను కామాటిపురా సంగతి చెప్పా. రెండు వందల ఏళ్ల కిందటే నిజాం ఇలాకా నుంచి వెళ్లి బొంబాయిలో రాళ్లు మోసిన మన కామాటీల పేరు మీదే ఆ పేట వెలిసిందని. తాత పెద్ద ఆశ్చర్యపోలేదు. "మనోళ్లు లేకుంటే ఎవలు కట్టిన్రు మరి" అన్నాడు.

మెల్లగా కుడికి జరుపుకుంటూ వెళ్లాం. ఎయిర్ ఇండియా బిల్డింగ్ వచ్చింది. 1974 నాటిది. "ఇది అప్పుడు లేస్తుండె. మేం దినాం చూసేటోళ్లం. మాది దీని అవతల. సముద్రం దిక్కు." గొంతు మారింది. "ఇంకింత పక్కకు జరుపు బిడ్డా."

జరిపా. ఫొటో కొస వచ్చింది. ఇంకా జరిపితే తెర రబ్బరులా సాగి వెనక్కి వచ్చేసింది.

"అంతే తాతా."

"గంతేనా?"

"అక్కడ చీకటి పడింది. రంగు బాగా రాలేదని తీసేశా."

ఆయనేం అనలేదు. కోప్పడితే బాగుండేది. "సరే తియ్. మంచిగనే వచ్చింది" అని కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

73 కోట్ల పిక్సెల్స్‌లో ఆయన బిల్డింగ్ ఉన్న 11 కోట్లు నేనే చెత్తబుట్టలో వేశా. అందంగా లేవని.

అప్పుడు గుర్తొచ్చింది, స్టేటస్ కోసం ఫోన్‌తో తీసిన పానో. గ్యాలరీలో పైకి పైకి వెళ్లి వెతికి పట్టుకున్నా. అందులో కుడి కొస కూడా ఉంది. మూడు బూడిదరంగు ముక్కలు, ఒక్కోటి బియ్యపుగింజంత. జూమ్ చేస్తే గళ్లు గళ్లుగా విడిపోతోంది. కిటికీ లేదు, అంతస్తు లేదు. తాత ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఒక ముక్క మీద వేలు పెట్టాడు. వేలు పెడితే ఆ ముక్క పూర్తిగా మూసుకుపోయింది.

"గిదే అయ్యుంటది" అన్నాడు. "అయ్యుంటది" అన్నాడు, "గిదే" అని ఖాయంగా అనలేదు. ఖాయం చేయాల్సిన ఫొటో నా దగ్గర లేదు.

ఈసారి వానలు తగ్గాక మళ్లీ వెళ్తున్నా. తాతని కూడా రమ్మన్నా. "కొండ ఎక్కాల్నా?" అని అడిగాడు. పైదాకా కారు పోతుందని చెప్పా. నాయనమ్మ అప్పుడే రొట్టెలు చేసిస్తానంటోంది, ఉల్లిగడ్డతో. అలకి దూరంగా కూర్చోమని షరతు.

ఈసారి మాత్రం కుడివైపు నుంచి మొదలుపెడతా.